కోలారు సీమలో చిన్న ఋణములు : పంట గడువు, కంతు గడువు

కోలారు జిల్లా ఉత్తరపు కొసను, శ్రీనివాసపుర తాలూకాలో, ఆంధ్ర సరిహద్దునకు దాపున రాయల్పాడు హోబళి కలదు. ఇచ్చటి పల్లెలలో ఇంటిమాట తెలుగు, కచేరీమాట కన్నడము. జీవనది లేని సీమ. వాన కురిసినచో చెరువు, కురియనిచో బోరుబావి. ఆ బోరుబావియు అనేక స్థలములలో వేయి అడుగులు దాటినగాని నీటిని చూపదు. ఇట్టి నేలపై జనులు నిలిచియున్నది ముఖ్యముగా నాలుగు ఆధారములపైన: మామిడి, పట్టుగూడు, పాలు, కూలి. రాగి తిండికి, టమాట అదృష్టమునకు.

ఈ నాలుగింటికిని నాలుగు కాలములు. మామిడి పైకము ఏడాదికి ఒక్కమారు, మే నెల మొదలు జూలై వరకు వచ్చును. తక్కిన తొమ్మిది నెలలు తోట వ్యయమునే కోరును. పట్టుపురుగు గ్రుడ్డు పగిలినది మొదలు గూడు కట్టువరకు ఇంచుమించు నాలుగు వారములు పట్టును. మల్బరీ ఆకునకు నీరు చాలిన యింట ఏడాదికి ఐదారు పంటలు తీయుదురు. పాల సొమ్ము సహకార సంఘము ద్వారా వారమునకో పక్షమునకో చేతికందును. కూలి నాటికి నాడు. ఒక కుటుంబమునకు అప్పిచ్చు వారెవరైనను ఈ కాలముల లెక్కను ముందు తెలిసికొనవలెను. తెలిసి నడచినచో ఏమి జరుగునో కోలారు జిల్లాయే దేశమునకు చూపినది. తెలియక, లేక తెలిసియు పాటింపక నడచినచో ఏమి జరుగునో గూడ ఈ జిల్లాయే చూచినది. ఈ రెండు అనుభవములను ప్రక్కప్రక్కన నుంచి పరిశీలించుట ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

పాత అప్పుల తీరు

పల్లెకు అప్పు క్రొత్త కాదు. చేబదులు, కుదువ, నాము, చీటీ అను మాటలు నిఘంటువులో గాక నిత్యవ్యవహారములోనే నిలిచియున్నవి. చేబదులునకు వడ్డీ లేదు, మొగమాటము కలదు. కుదువకు నగ కావలెను. నాము అనగా విత్తుకాలమున ధాన్యము పుచ్చుకొని కళ్ళమున హెచ్చుగా కొలిచియిచ్చుట. మామిడి సీమలో వీటికి తోడు ఇంకొకటి కలదు. పూత దశలోనే తోటను వ్యాపారికి గుత్తకిచ్చి ముందుగా పైకము తీసికొనుట. దీనికి అప్పను పేరు లేదు. వడ్డీ యను మాటయు లేదు. కాయ ధర తగ్గింపులో వడ్డీ దాగియుండును గనుక అది అప్పే.

ఈ పద్ధతులన్నిటిలోను దోషములు ఎన్నియో కలవు. అధికవడ్డీ మొదటిది. తూకపు మోసము రెండవది. అయినను వాటిలో ఒక లక్షణమును గమనింపవలెను: చెల్లింపు పంటను అనుసరించి యుండెడిది. ఇది వడ్డీవ్యాపారి దయ కాదు. కళ్ళమునకు ముందు అడిగినను చేతికేమియు రాదని అతనికి తెలియును.

ప్రభుత్వము ఈ రంగమున ఆలస్యముగా ప్రవేశించినది. బ్రిటిషు ఇండియాలో సహకార పరపతి సంఘముల చట్టము 1904లో వచ్చెను. మైసూరు సంస్థానము 1905లోనే తన శాసనమును చేసికొనెను. అయినను ఏబదియేండ్ల పిమ్మట, గోర్వాలా అధ్యక్షతన జరిగిన అఖిల భారత గ్రామీణ పరపతి పరిశీలన 1954లో ప్రకటించిన నివేదికను చూచినచో, 1951-52లో రైతులు తెచ్చుకొన్న అప్పులలో సహకార సంఘములు ఇచ్చినది నూటికి 3.1 పాలు మాత్రమే. వడ్డీవ్యాపారుల భాగము నూటికి డెబ్బదికి చేరువ. సంఘము అప్పిచ్చుటకు భూమి హామీ కావలెను. భూమి పురుషుని పేర నుండును. కావున కూలివాడును, ఆడుదియు లెక్కలోనికి రాకపోయిరి. సహకారము నిష్ఫలమైనదని అనుట అన్యాయము. కాని అది నడిమి రైతు గడపవరకే వచ్చి ఆగినది.

కామసముద్రపు సంఘములు

ఆస్తి లేని పేదకు అప్పిచ్చు పద్ధతి యనగానే లోకము బంగ్లాదేశమును తలచును. అది న్యాయమే. చిట్టగాంగు సమీపమున జోబ్రా అను గ్రామములో 1976లో ఆచార్య మహమ్మద్ యూనస్ వెదురు పీటలల్లువారు మొదలైన 42 మందికి తన చేతినుండి, మొత్తము 27 డాలర్ల విలువగల సొమ్ము ఇచ్చి చూచెను. 1983లో అది గ్రామీణ బ్యాంకు అయ్యెను. 2006లో ఆయనకును బ్యాంకునకును నోబెల్ శాంతి బహుమానము లభించెను. భూమి హామీకి బదులు తోటివారి పూచీ, పెద్ద మొత్తమునకు బదులు వారము వారము చిన్న కంతు అనునవి ఆ పద్ధతికి మూలస్తంభములు. ఇచ్చట ఒక విషయము మరువరాదు. పీటలల్లి సంతలో అమ్మువానికి ప్రతివారము డబ్బు వచ్చును. కావున వారపు కంతు అతనికి సహజము. ఆ సహజత్వము జోబ్రాది; అన్ని ఊళ్ళదియు కాదు.

కోలారు జిల్లాలో వేరొక త్రోవ ఏర్పడినది. టిబెట్టు శరణార్థులకు ఆశ్రయము కల్పించుటకై 1968లో మైసూరు రాష్ట్రమున ఏర్పడిన మైరాడ సంస్థ అటుపిమ్మట గ్రామాభివృద్ధికి దిగి, బంగారుపేట తాలూకా కామసముద్రము మొదలుగా అనేక చోట్ల పనిచేసెను. ఆ సంస్థ నెలకొల్పిన పెద్ద సహకార సంఘములు కొన్ని 1984-85 ప్రాంతమున విచ్ఛిన్నమయ్యెను. నాయకులపై సభ్యులకు నమ్మకము చెడినది. అప్పుడు జరిగినది విచిత్రము. సభ్యులు అప్పు ఎగవేయుటకు రాలేదు. చిన్న చిన్న జట్లుగా వచ్చి, బాకీ తీర్చెదము గాని ఆ పెద్ద సంఘమునకు మాత్రము కట్టమనిరి. మరి యెవరికి కట్టుదురు అను ప్రశ్న వచ్చెను. మీలో మీరే ఒకరికొకరు కట్టుకొనుడని సంస్థవారు చెప్పిరి. ఆ విధముగా విరిగిన సంఘపు ముక్కలే క్రొత్త సంఘములైనవి. అప్పటి సంస్థాధిపతి అలోషియస్ ఫెర్నాండెజ్ ఈ వృత్తాంతమును తన రచనలలో వివరించియున్నాడు. 1986-87 నాటికి మైరాడ ప్రాంతములన్నిటను కలిపి ఇట్టి జట్లు మూడువందల వరకు ఉండెను. మొదట వీటికి పరపతి నిర్వహణ సంఘములని పేరు. స్వయంసహాయక సంఘము అను పేరు తరువాతిది.

1987లో నాబార్డు ఈ సంఘముల పొదుపునకు జోడింపుగా మైరాడకు పది లక్షల రూపాయలు మంజూరు చేసెను. తరువాతి చిక్కు చట్టమునకు సంబంధించినది. రిజిస్టరు కాని జట్టునకు బ్యాంకు ఖాతా తెరువవచ్చునా? హామీ లేక, ఏ పనికని యడుగక, జట్టునకే అప్పిచ్చి, లోపలి పంపకమును వారికే విడువవచ్చునా? రిజర్వు బ్యాంకు 1991లో ఇందులకు అనుమతించెను. ఆ సంవత్సరము డిసెంబరులో వైశ్యా బ్యాంకు బంగారుపేట శాఖ ముదుగుళి గ్రామపు వేంకటేశ్వర మహిళా సంఘమునకు అప్పిచ్చెను. దేశములోని తొలి అనుసంధానములలో ఇది యొకటి. ఆర్యవైశ్య ప్రముఖులు 1930లో బెంగుళూరున స్థాపించిన ఆ బ్యాంకు నేడు ఆ పేర లేదు. 2002లో ఐఎన్‌జీ వైశ్యాగా మారి, 2015లో కోటక్ మహీంద్రా బ్యాంకులో కలిసిపోయినది. ముదుగుళి వంటి ఒక చిన్న ఊరి సంఘము మాత్రము దేశమునకు మాదిరియైనది. 1992లో నాబార్డు 500 సంఘములతో ప్రారంభించిన ప్రయోగము నేడు లక్షల సంఘములకు విస్తరించినది. ఆంధ్రదేశమున డ్వాక్రా యనియు, కర్ణాటకమున 2000 సంవత్సరమునుండి స్త్రీశక్తి యనియు పిలువబడుచున్నవి ఈ జాతివే.

సంఘము పనిచేయు విధమును అంకెలతో చూచుట మంచిది. పదునైదుగురు స్త్రీలు వారమునకు పదేసి రూపాయలు కూడబెట్టిరనుకొందము. ఏడాదికి 7,800 రూపాయలగును. ఆ సొమ్మును తమలోనే నెలకు నూటికి రెండు రూపాయల వడ్డీకి తిప్పుకొందురు. ఏడాదికి నూటికి ఇరువదినాలుగు! బ్యాంకు వడ్డీ కంటె ఇది చాల హెచ్చు. అయినను ఎవరును ఫిర్యాదు చేయరు. ఏలయన ఆ వడ్డీ ఊరు దాటదు. కట్టినవారి పెట్టెలోనికే తిరిగివచ్చి, ఏడాది చివర వారి భాగముగనే నిలుచును. ఈ పెట్టెను చూచి బ్యాంకు దానికి సమానముగనో, క్రమముగా నాలుగు రెట్లవరకో అప్పిచ్చును.

వడ్డీ కంటె ముఖ్యమైనది గడువు. ఒక సభ్యురాలి యింట పట్టుపంట చెడినచో ఆమె కూటములో ఆ మాట చెప్పును. ప్రక్కింటివారికి అది ముందే తెలిసియుండును. పురుగునకు సున్నపురోగము తగిలినది నిజమా అబద్ధమా అని విచారించుటకు వేరొక అధికారి అక్కర లేదు. తరువాతి పంటకు కట్టుమని తీర్మానించి పుస్తకములో వ్రాసికొందురు. అనగా కంతు గడువును పంట తెలిసినవారే నిర్ణయించుచున్నారు. కామసముద్రపు పద్ధతిలోని రహస్యమంతయు ఇదియే.

దీనిని స్వర్గమని తలపరాదు. పుస్తకము వ్రాయగల ఒక్క స్త్రీ ఊరు విడిచి పోయినచో లెక్కలు చెడును. బ్యాంకు అప్పును ఇద్దరు ముగ్గురు పెద్దలే పంచుకొనిన సంఘములు కలవు. ఎన్నికల యేట వడ్డీమాఫీ వాగ్దానములు వచ్చినప్పుడు కట్టెడివారును చేయి వెనుకకు తీయుదురు. అయినను సంఘము చెడినచో సంఘమే చెడును. పది యిండ్లు వీధిన పడవు.

వారపు కంతు

సంఘము కుదురుకొనుటకు ఆరునెలలు పట్టును. మొదటి అప్పు చిన్నది. కావలసినవారికి అంత ఓపిక లేకపోయెను. సొమ్ము పెట్టువారికిని లేకపోయెను. బ్యాంకులనుండి పెద్ద మొత్తములు తెచ్చి, పేదయింటి గడపకే చేర్చు సంస్థలు 1990ల చివర దక్షిణదేశమున వెలసినవి. బెంగుళూరు దక్షిణపు పల్లెలలో 1999లో శ్రీమతి వినతారెడ్డి ప్రారంభించిన గ్రామీణ కూట వీటిలో యొకటి. హైదరాబాదు సంస్థలు మరికొన్ని. వీనికి మాదిరి కామసముద్రము కాదు, బంగ్లాదేశము. ఐదారుగురు స్త్రీలు జట్టుకట్టి ఒకరికొకరు పూచీపడవలెను. అప్పు వారముననే చేతికి వచ్చును, మరుసటి వారమునుండియే కంతు మొదలగును.

ఈ సంస్థలు చేసిన మేలును దాచరాదు. పట్టణమునకు పోయి మేనేజరు గది ముందు నిలుచు అవస్థ తప్పినది. నగ లేనివానికి, పొలము లేనివానికి, మీటరు వడ్డీ కంటె చాల తక్కువకు సొమ్ము దొరికినది. లెక్క కాగితముపై నుండెను. పాడి ఆవును కొని, పాల సొమ్ముతో వారపు కంతు కట్టిన యిండ్లకు ఆ పద్ధతి చక్కగా అమరినది; ఏలయన పాలు వారము వారము డబ్బిచ్చును. చిల్లర అంగడి, పూలబుట్ట, టీకొట్టు నడుపువారికిని అట్లే.

చిక్కంతయు తక్కినవారిది. పదివేల రూపాయల అప్పు నుదాహరణముగా తీసికొందము. ఏడాదికి నూటికి పదునైదు చొప్పున మొత్తము అసలుపై వడ్డీ 1,500 కట్టి, 11,500 రూపాయలను ఏబది వారములకు పంచినచో వారమునకు 230 రూపాయలు. వినుటకు పదునైదు శాతమే. కాని అసలు వారము వారము తీరుచుండును. సగటున చేతిలో నిలుచునది ఐదువేల చిల్లర మాత్రమే. కావున నిజమైన వడ్డీ ఇంచుమించు నూటికి ముప్పది. ఈ రెండు లెక్కల భేదమును రిజర్వు బ్యాంకు తరువాత నియమముల ద్వారా సరిదిద్దవలసి వచ్చెను. తగ్గుచున్న అసలుపైననే వడ్డీ చెప్పవలెనని విధించెను.

వడ్డీ సంగతి అట్లుండనిండు. ఆ 230 రూపాయలు ఎచ్చటనుండి వచ్చును? సొమ్ము మామిడితోటకు ఎరువు, మందులకై డిసెంబరులో తెచ్చినదైనచో, కాయ అమ్ముడగు జూన్ నాటికి ఇరువదియైదు కంతులకు పైగా కట్టియే యుండవలెను. అనగా తోటకని తెచ్చిన అప్పులో సగమునకు పైగా తోట ఒక్క కాయయు ఇయ్యకముందే తిరిగి పోవును. దానికై కూలికి పోవలెను; కూలి దొరకని వారమున రెండవ సంస్థవద్ద అప్పు తేవలెను; దాని కంతునకు మూడవది. బయటివారు దీనిని ఋణదాహమని వర్ణించిరి. చాల యిండ్లలో అది దాహము కాదు, తేదీ తప్పిన లెక్క.

ఈ విషయమున కలకత్తాలో ఎరికా ఫీల్డ్, రోహిణీ పాండే మొదలగు అర్థశాస్త్రజ్ఞులు చేసిన పరిశోధనలు రెండు గమనింపదగినవి. ఒకదానిలో కొందరికి వారపు కంతు, కొందరికి నెల కంతు నియమించి చూడగా ఎగవేతలో చెప్పుకోదగిన భేదము కనబడలేదు. వారము వారము అడుగకున్న పేదవారు కట్టరను నమ్మకము దీనితో సడలినది. 2013లో ప్రకటింపబడిన రెండవదానిలో మొదటి కంతునకు రెండు వారములకు బదులు రెండు నెలల గడువిచ్చిరి. గడువు పొందినవారు వ్యాపారమున హెచ్చుగా పెట్టుబడి పెట్టిరి; మూడేండ్ల పిమ్మట వారి లాభములు హెచ్చెను. అయితే వారిలో అప్పు తీర్చలేకపోయినవారును కొంత హెచ్చిరి. పేదవాడు ధైర్యము చేసినచో కొందరు గెలుతురు, కొందరు ఓడుదురు. ఋణదాత ఆ ఓటమిలో పాలుపంచుకొనుటకు ఇష్టపడడు. వారపు కంతు వెనుకనున్న అసలు భయము ఇదియే. హైదరాబాదులో 104 బస్తీలలో జరిగిన ప్రసిద్ధ పరిశీలన, 2015లో అచ్చైనది, చిన్న ఋణములవలన వ్యాపార సామగ్రి కొంత పెరిగినదనియు, కుటుంబవ్యయము పెరుగలేదనియు తేల్చినది. అద్భుతములు ఆశించినవారికి అది నిరాశ. మధ్యస్థముగా చూచువారికి సహజమే.

2009 కోలారు ఘటన

కోలారు పట్టణమున పట్టుదారము తీయు పనిలోను, బీడీ, అగరువత్తుల పనిలోను ఉన్న స్త్రీలకు అనేక సంస్థలు ఏకకాలమున అప్పులిచ్చుచుండెను. ఒకే వీధిలో, ఒకే యింట మూడు నాలుగు కార్డులు. ఇంతలో పట్టు వృత్తి మందగించినది. 2009 జనవరిలో పట్టణపు అంజుమన్ కమిటీ తమ సముదాయపు స్త్రీలు ఈ సంస్థలతో లావాదేవీలు మానవలెనని, బాకీలు కట్టరాదని ప్రకటించెను. అధిక ఋణభారము, వసూళ్ళ తీరు, స్త్రీలు కూటములకు పోవుట అనునవి కారణములుగా చెప్పబడినవి. కొలది దినములలోనే ఆ నిరాకరణము శిడ్లఘట్ట, రామనగరము, మైసూరు పట్టణములకు ప్రాకెను. అన్నియు పట్టు పట్టణములే, లేక చేతిపనుల పట్టణములే. నూటికి తొంబదియెనిమిది మంది సక్రమముగా కట్టుచున్నారని గర్వించిన రంగము, ఒక్క ప్రకటనతో కంతు నిలుచుట చూచి దిగ్భ్రమ చెందెను.

ఈ ఘటనను మతవిషయముగా చూచుట పొరపాటు. పెద్దల మాటకు అంత బలము వచ్చుటకు కారణము, ఆ మాట పలుకుటకు ముందే కట్టుశక్తి అడుగంటియుండుట. వృత్తి చెడిన వారమునకును, బాగున్న వారమునకును కంతు ఒక్కటే. కామసముద్రపు కూటములో ‘ఈసారి పంట చెడినది’ అని చెప్పుటకు ఒక చోటుండెను. ఇచ్చట ఆ మాట చెప్పుటకు చోటే లేదు. వసూలునకు వచ్చిన ఉద్యోగికి అది వినుటకు అధికారము లేదు. చోటు లేని మాట పట్టణమంతయు ఒక్కమారుగా చెప్పినది. తరువాత సంస్థలు ఆ పేటలలో అప్పిచ్చుట మానెను. సకాలమున కట్టిన యింటికిని ద్వారము మూసిరి. నష్టపోయినవారిలో వీరును కలరు. వీరిని గూర్చి వ్రాసినవారు తక్కువ.

సరిహద్దునకు ఇటునటు

రాయల్పాడువంటి సరిహద్దు పల్లెలకు ఇంకొక విచిత్రావస్థ కలిగెను. ఆంధ్రప్రదేశమున 2006లో కృష్ణాజిల్లాలో అధికారులు సూక్ష్మఋణ సంస్థల శాఖలను ఏబది వరకు మూయించిరి. 2010 ఆగస్టులో హైదరాబాదున పెరిగిన ఒక పెద్ద సంస్థ వాటాలను ప్రజలకమ్మి ఒకటిన్నర వేల కోట్లకు మించి సమకూర్చుకొనెను. అదే కాలమున ఋణగ్రస్తుల ఆత్మహత్యల వార్తలు పత్రికలలో వచ్చుచుండెను. 2010 అక్టోబరు 15న ప్రభుత్వము అత్యవసర శాసనము చేసెను. సంస్థ జిల్లాలో నమోదు కావలెను, కంతు నెలకొక్కమారే, వసూలు ఇంటివద్ద గాక పంచాయతి కార్యాలయమున, మొత్తము వడ్డీ అసలును మించరాదు. ఈ కడపటి నియమము శాసనకర్తల క్రొత్త కల్పన కాదు. వడ్డీ పెరిగి అసలునకు సమమైన పిమ్మట ఇక పెరుగరాదని మన ధర్మశాస్త్రములు ఏనాడో చెప్పినవి. ఆ చట్టముతో ఆంధ్రలో వసూళ్ళు దాదాపు ఆగిపోయినవి. క్రొత్త అప్పులును ఆగిపోయినవి. 2023 ఫిబ్రవరిలో తెలంగాణ హైకోర్టు, రిజర్వు బ్యాంకు అధీనమునగల సంస్థలకు ఆ చట్టము వర్తింపదని తీర్పు చెప్పెను.

ఆ చట్టముతో సరిహద్దునకు అటు మదనపల్లె వైపు పల్లెలో వారపు కంతు నిషిద్ధమయ్యెను. ఇటు శ్రీనివాసపురము వైపు పల్లెలో విహితముగనే యుండెను. భాష ఒకటే, బంధుత్వములు కలిసియున్నవి, తోటాపురి కాయయు ఒకటే. ఆంధ్రలో త్రోవ మూసికొన్న సంస్థలు కర్ణాటకము మొదలగు రాష్ట్రముల వైపు మరలినవి. అక్క అటు, చెల్లెలు ఇటు మెట్టిన కుటుంబములో ఒకరికి అప్పు పుట్టలేదు, మరొకరికి అప్పు ఆగలేదు.

మాలెగాం సంఘపు నివేదిక ననుసరించి 2011 డిసెంబరులో రిజర్వు బ్యాంకు దేశమంతటికి నియమములు చేసెను. వాటిలో వడ్డీ పరిమితిని గూర్చియే అందరును చర్చించిరి. చర్చకు రాని నియమము ఒకటి కలదు: కంతు వారమునకా, పక్షమునకా, నెలకా అనునది ఋణగ్రహీత యిష్టము. 2022 మార్చి నియమములలో వడ్డీ పరిమితి తొలగినను, కంతు కాలమును ఋణగ్రహీత అవసరమునుబట్టి సడలించు విధానము ప్రతి సంస్థకును ఉండవలెనని మరల చెప్పబడినది. ఏడాదికి మూడు లక్షల వరకు ఆదాయముగల కుటుంబమునకు హామీ కోరక అప్పీయవలెను; అన్ని అప్పుల కంతులు కలిపి నెలసరి ఆదాయములో సగమునకు మించరాదు; ఉదయము తొమ్మిదికి ముందు, సాయంకాలము ఆరు దాటినపిమ్మట వసూలునకు పోరాదు. ఇందు ‘నెలసరి ఆదాయము’ అను మాటవద్ద మామిడిరైతు తటపటాయించును. అతనికి నెలసరి ఆదాయము లేదు. ఏడాది ఆదాయమును పన్నెండుతో భాగించిన అంకె మాత్రము కాగితముపైన కలదు.

అదే జిల్లాలో ఆ మాట సరిగా అమరువారును కలరు. కోలారు బంగారు గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడిన పిమ్మట వేలమంది తెల్లవారుజామున రైలెక్కి బెంగుళూరునకు పనికిపోయి రాత్రికి తిరిగివచ్చుచున్నారు. జీతము నెలకొక్కమారు, కంతును నెలకొక్కమారైనచో చిక్కు లేదు. గనుల పేట కొలతను రాయల్పాడు తోటకు వేసినప్పుడే చిక్కు.

2025 సంవత్సరము ఈ చిక్కును పూర్తిగా వెలికి తెచ్చెను. ఆ జనవరిలో కర్ణాటకమున వసూళ్ళ ఒత్తిడికి ఇండ్లు విడిచిపోయినవారిని గూర్చి వార్తలు వచ్చెను. ఫిబ్రవరిలో రాష్ట్రప్రభుత్వము బలాత్కారపు వసూళ్ళను నిషేధించు శాసనము చేసెను. శిక్ష పదేండ్ల వరకు కారాగారము, ఐదు లక్షల వరకు జరిమానా. అయితే రిజర్వు బ్యాంకున నమోదైన సంస్థలు దానికి వెలుపలనున్నవి. నమోదు లేని ఋణదాతకే అది తగులును. ఆ వేసవిలో తోటాపురి విరివిగా కాచి ధర పడిపోయెను. కోలారు సీమ కాయకు చిత్తూరు ప్రాంతపు గుజ్జు కర్మాగారములే ముఖ్యమైన గిరాకీ. జూన్ 7న చిత్తూరు జిల్లా అధికారులు పొరుగు రాష్ట్రముల తోటాపురిని రానీయరాదని ఉత్తరువు చేసిరి. అచ్చటి రైతును కాపాడుకొనుట వారి ఉద్దేశము. కర్ణాటక ముఖ్యమంత్రి సిద్ధరామయ్య ఆంధ్ర ముఖ్యమంత్రి చంద్రబాబునాయునికి లేఖ వ్రాసెను. శ్రీనివాసపురమున రైతులు ఆందోళన చేసిరి. కడకు కేంద్రప్రభుత్వము కర్ణాటకపు తోటాపురి రెండున్నర లక్షల టన్నులకు ధరలోటు చెల్లించుటకు అంగీకరించెను.

ఏడాదికి ఒక్కమారు వచ్చు పైకము ఆ యేట సరిహద్దువద్దనే చిక్కినది. ధరలోటు మంజూరు కావలెనన్నను, సొమ్ము ఖాతాలో పడవలెనన్నను వారములు పట్టును. కంతు పట్టికలో ఆ వారములకు ఖాళీ గడులు లేవు. సంఘపు అప్పు గల యింట ఆ మాట కూటములో చెప్పి వ్రాయించుకొనవచ్చును. సంస్థ అప్పు గల యింట, 2022 నియమమున్నదని తెలిసినవారు సడలింపు అడుగవచ్చును, తెలియుట యెట్లు? ఋణపు కార్డును, షరతులను ఋణగ్రహీతకు అర్థమగు భాషలో ఇయ్యవలెనని అదే నియమావళిలో నున్నది. రాయల్పాడు హోబళిలో చదువుకొన్నవారు కన్నడము చదువుదురు. పెద్దవయసు స్త్రీలకు తెలుగు మాటలాడుటయే గాని ఏ లిపియు రాదు. కావున కార్డు ఏ లిపిలో నున్నను దానిని ఎవరో ఒకరు చదివి తెలుగులో చెప్పవలెను. ఆ చెప్పునది అప్పిచ్చిన సంస్థ ఉద్యోగియా, సంఘములో పుస్తకము వ్రాయు అమ్మాయియా అనునదానినిబట్టి, కంతు కాలమును ఎన్నుకొను హక్కు తనకు కలదను ఒక్క వాక్యము ఆమె చెవిని పడుటయు, పడకపోవుటయు నున్నది.